వాపును బలుపనుకున్న ఎండాకాలం

ముందే చెబుతున్నాను, నవ్వుకునేవాళ్లు ఇక్కడే నవ్వేసుకుని రండి. నేను పదకొండేళ్లుగా తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. ఇంజక్షన్ సీసాలను పరీక్షించడం నేను నేర్చుకున్న పని. ఒక్కో సీసాను మెడ దగ్గర పట్టుకుని, లైటు ముందు నెమ్మదిగా తిప్పుతూ, తెల్ల పలక మీద కాసేపు, నల్ల పలక మీద కాసేపు చూడాలి. దారప్పోగు కనబడినా, గాజు నలుసు కనబడినా పక్కన పెట్టేయాలి. బ్యాచ్ నంబర్ లేని డబ్బా ఎదురుగా ఉంటే మా బల్ల మీద ఎవరూ ముట్టుకోరు. అలాంటిదాన్ని నేను, పేరూ ఊరూ లేని పొడిని ఎవరో పాత పేపర్‌లో పొట్లం కట్టి ఇస్తే, నాలుగు నెలలు తేనెలో రంగరించుకుని నాకాను. ఎందుకు నాకానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండేళ్ల కిందటి డిసెంబర్‌లో మొదలైంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉండేవి. మూయాలంటే మూసుకోవు, తెరవాలంటే తెరుచుకోవు. వేడి నీళ్లలో పెట్టుకుని, పిసుక్కుని, ఎండ ఎక్కేసరికి కాస్త దారికొచ్చేవి. మేము షామీర్‌పేటలో ఉంటాం, చెరువు గాలికి చలి ఎక్కువే. చలికే అనుకున్నాను. తర్వాత మా కంపెనీలో ఏసీ వల్ల అనుకున్నాను. మనకు కావలసిన కారణం దొరికేదాకా వెతుక్కోవడంలో మనల్ని మించినవాళ్లు లేరు.

మా అత్తమ్మ అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు షామీర్‌పేట చెరువు చేపలు బుట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మింది. మనిషిని చూస్తే జ్వరమా, దిగులా, కడుపా అని ఇట్టే చెప్పేస్తుంది. నా వేళ్లు పట్టుకుని చూసింది.

"సలికి పట్టుకున్నయ్ బిడ్డా. వావిలాకు నీళ్లు కాగబెడ్త, చేతులు పెట్టు. రెండు దినాలల్ల పోతది."

ఆ నీళ్ల వేడికి హాయిగానే ఉండేది, ఆ మాట అబద్ధం చెప్పను. కానీ చెయ్యి బయటికి తీసిన గంటకు మళ్లీ మొదటికే వచ్చేది. జనవరికి మోకాళ్లు కూడా తోడయ్యాయి. కంపెనీలో దుమ్ము పడకుండా వేసుకునే తెల్ల సూటు జిప్ వేసుకోలేకపోయేదాన్ని. నాతో పాటు పని చేసే కృష్ణవేణి చూసి చూడనట్టు దగ్గరికి వచ్చి, "ఇటు తిరగండి లలితక్కా" అని తనే వేసేది. ఆమెది భీమవరం వైపు, ఇప్పుడు బహదూర్‌పల్లిలో అపార్ట్‌మెంట్. నోటికి అడ్డూ ఆపూ ఉండదు, చెయ్యి మాత్రం చల్లనిది. ఒకరోజు నా చేతిలోంచి సీసా జారి బల్ల మీద పడింది. పగల్లేదు. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఎందుకంత ఏడుపంటే, ఏటా ఏప్రిల్‌లో మాకు పరీక్ష ఉంటుంది. మంచి సీసాల్లో కావాలని చెడ్డవి కలిపి పెడతారు, ఇచ్చిన సమయంలో ఏరాలి. తప్పితే ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వరు, వేరే పనికి పంపుతారు. అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా తప్పలేదు. డిగ్రీ చదివి, ఇంట్లో ఊరికే కూర్చున్న నాకు మొదటిసారి నీకంటూ ఒక విద్య ఉంది అని చెప్పింది ఆ కుర్చీ. అది పోతుందని భయం. నొప్పికంటే ఆ భయమే ఎక్కువ అరగదీసింది నన్ను.

మా ఆయన శ్రీను ఎలక్ట్రీషియన్. బౌరంపేట్‌లో కొత్తగా కడుతున్న విల్లాలకు వైరింగ్ చేస్తాడు. ఒకరోజు నేను జడ వేసుకోలేక దువ్వెన విసిరికొడితే, ఏమీ అనకుండా వచ్చి వెనక కూర్చుని తనే వేశాడు. వైరు మెలేసినట్టు వేశాడు. అద్దంలో చూసుకుని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"దవాఖానకు పోదాం పా," అన్నాడు. "గీ ఆకులతోని ఇంకెన్ని దినాలు?"

సికింద్రాబాద్‌లో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆ హాల్లో కూర్చున్నప్పుడు గమనించాను, అందరూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నారు. పక్కన పట్టుచీర కట్టుకున్న ఒకావిడ నీళ్ల బాటిల్ నా వైపు చాపి మూత తియ్యమంది. నేను ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. ఆమె ఎదుటావిడకు ఇచ్చింది. ఆవిడ వల్లా కాలేదు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వేశాం. చివరికి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన వచ్చి మూత తీసి, "ఇంకెవరివన్న ఉన్నయా అమ్మా" అని హాలంతా అడిగాడు. అయిదారు బాటిళ్లు పైకి లేచాయి.

డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి జబ్బు పేరు చెప్పింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి కీళ్ల మీద పడుతోందని అర్థమయ్యేలా చెప్పింది. "ఇది చలి వల్ల వచ్చింది కాదు, మీరు చేసిన తప్పు వల్లా రాలేదు" అంది. ఆ రెండో మాటకు నా కళ్లు నిండాయి. ఇంటికొచ్చి అత్తమ్మకు చెబితే, "అంటె మనం సాదిన కుక్కే మనల్ని కరిసినట్టా?" అంది. నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. "రోజూ కాదు, పొరపాటున కూడా రోజూ కాదు. ఏ రోజో ఇప్పుడే చెప్పండి, చీటీ మీద రాస్తాను" అని డాక్టరమ్మ పట్టుబట్టింది. ఆదివారం సెలవు కాబట్టి శనివారం అన్నాను. శనివారం అత్తమ్మ ఒక్కపొద్దు. ఆమె మొహం వెలిగిపోయింది. "మంచిగయింది. ఇద్దరికీ ఒక్కటే వారం."

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఇది పని చెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి, మధ్యలో ఆపొద్దు. తలూపాను. తలూపడానికి ఏముంది, మెడకు ఇంకా నొప్పి రాలేదుగా.

మాత్ర వేసుకున్న మర్నాడు, ఫిబ్రవరి అంతా ఆదివారాలు నరకం. వీధి వీధంతా మటన్ తాలింపు వాసన, నాకేమో కడుపులో దేవుతూ ఉండేది. దువ్వెనకు జుట్టు వచ్చేది. వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. నొప్పి అని నోటితో అంటే చాలు, ఊరంతా వైద్యులే. ఒకరు శొంఠి కషాయం, ఒకరు పారిజాతం ఆకు, ఒకరు నల్లేరు పచ్చడి. కృష్ణవేణి పసుపు సారం మాత్రల డబ్బా తెచ్చిచ్చి, "మా పిన్ని వాడుతోందక్కా, కాస్త నయంగా ఉందంట. కానీ మీ డాక్టర్‌కి చూపించకుండా వేసుకోకండి" అంది. నేను డబ్బాను షెల్ఫులో పెట్టి మర్చిపోయాను. జాగ్రత్త చెప్పి ఇచ్చిన మందును మర్చిపోయాను, ఏ జాగ్రత్తా చెప్పని మందును నెత్తిన పెట్టుకున్నాను. మన తెలివి అలా ఉంటుంది.

మార్చి నెలాఖరులో అత్తమ్మ మేడ్చల్ అంగడికి వెళ్లి వచ్చి, కొంగు ముడి విప్పి నా ముందు పొట్లాలు పెట్టింది. గోధుమ రంగు పొడి, మెంతుల వాసన.

"కీళ్ల పొడి. ఒకాయన గొడుగేసుకొని కూసుండి ఇస్తాండు. ఒకామె నా ముంగటనే కట్టె పారేసి నడిసిపోయింది బిడ్డా. వనమూలికలంట, నష్టమేం లేదంట. కాకపోతె ఇంగ్లీషు మందు బంద్ జేయాలె. మందు మీద మందు పడొద్దు."

మందు మీద మందు పడొద్దు. ఈ మాట మా అవ్వ దగ్గర విన్నాను, మా అమ్మ దగ్గర విన్నాను. ఎవరూ ఎందుకని అడగరు. అంత పాత మాట కాబట్టి నాకూ నిజమే అనిపించింది. నిజం చెప్పాలంటే నిజమవ్వాలని ఉండింది. పరీక్ష ఇంకో మూడు వారాల్లో ఉంది. శనివారం మాత్ర ఇంకా పని మొదలుపెట్టలేదు. మూడో నెల అప్పుడే పడుతోంది. ఇంకొన్ని వారాలు ఆగితే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆగలేదు.

మా ఆయనకు చెప్పలేదు. శనివారం పొద్దున ఆయన "గోలి మింగినవా?" అని అడుగుతాడు కదా, అట్టలోంచి మాత్ర తీసి నీళ్ల గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయి, సింకులో వేసి నల్లా తిప్పేదాన్ని. బయటికి వచ్చి "మింగిన" అనేదాన్ని. పొడి సంగతి నాకూ అత్తమ్మకే తెలుసు. మాత్ర ఆపిన సంగతి కూడా మా ఇద్దరికే. పొడికి పథ్యం ఉంది, చేపలు తినకూడదు. అత్తమ్మ కూడా మానేసింది. చేపల్లో పుట్టి చేపల్లో బతికిన మనిషి. ఎందుకు మానేశావంటే, "నువ్వు సూస్తాంటె నాకు ముద్ద దిగుతదా?" అంది. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవడం నాకు ఈనాటికీ సరిగ్గా చేతకాదు.

నాలుగో రోజు పొద్దున లేచి వేళ్లు మూశాను. మూసుకున్నాయి. పిడికిలి. మంచం మీద కూర్చుని దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాను. తర్వాత లేచి జొన్న పిండి కలిపి రొట్టెలు చేశాను, చేతులతో చప్పుడొచ్చేలా తట్టి. ఆ చప్పుడుకు ఆయన స్నానం మధ్యలో తువ్వాలుతో బయటికొచ్చాడు. ఆరు రొట్టెలు తిన్నాడు. ఆ నెల పరీక్షలో ఒక్క చెడ్డ సీసా కూడా తప్పిపోనివ్వలేదు. అంత సంతోషం నా జీవితంలో ఎక్కువసార్లు లేదు. అది దొంగ సంతోషమని ఇప్పుడు తెలిసినా, అప్పుడు అనుభవించిన మాట మాత్రం నిజం.

మే నెలకు నా బుగ్గలు నిండాయి. ఆకలి విపరీతం. జాకెట్లు పట్టలేదు. పెళ్లయిన కొత్తలో కూడా అంత కళ లేదని వీధిలో అందరూ అన్నారు. అత్తమ్మ గడప మీద కూర్చుని దారిన పోయేవాళ్లను ఆపి చెప్పేది. "మా కోడలు ఒళ్లు చేసింది. సూడు, మొఖం సందమామ లెక్క." సాయంత్రం ఉప్పు, మిరపకాయలు తీసి దిష్టి తీసేది. ఆయన కూడా మురిసిపోయాడు. డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు పోదామని అడిగితే, ఊళ్లో లేదంట అని ఒకసారి, నంబర్ దొరకలేదని ఒకసారి చెప్పాను.

ఒక్క కృష్ణవేణి మాత్రమే వేరే మాట అంది. క్యాబ్‌లో నా మొహంలోకి పరీక్షగా చూసి, "అక్కా, ఏమీ అనుకోకండి. ముఖం ఉబ్బినట్టు ఉందండి. నిండినట్టు లేదు. ఒకసారి చూపించుకోండి" అంది.

"నేను మంచిగుంటె నీకేమన్న కష్టమా?" అన్నాను. క్యాబ్‌లో అందరూ విన్నారు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మాట్లాడుకోలేదు. సూటు జిప్ మాత్రం రోజూ వచ్చి చూసేది, పైకి ఉందా లేదా అని.

ఆమె కళ్లు కూడా సీసాలు చూసిన కళ్లే కదా. నలుసు ఆమెకు కనబడింది, నాకు కనబడలేదు. అసలు కనబడకపోవడానికి నేనేమీ గుడ్డిదాన్ని కాదు. చేతి గాజు తగిలితే చాలు చెయ్యి నల్లగా కమిలేది. మెట్లెక్కితే తొడలు వణికేవి. దాహం తీరేది కాదు. ఇవన్నీ ఎండల వల్ల అనుకున్నాను. ఆ ఏడాది ఎండలు చెయ్యని పాపం లేదు మరి.

జులైలో వానలు పట్టుకున్నాయి. అంగడిలో గొడుగాయన రావడం మానేశాడు. అత్తమ్మ రెండు వారాలు వానలో తడుస్తూ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఎవరిని అడిగినా ఆయనది ఏ ఊరో తెలియదన్నారు. పొడి అయిపోయింది. మూడో రోజుకు కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నొప్పి రెండింతలై తిరిగొచ్చింది. తిన్నది కడుపులో నిలవలేదు. అయినా పనికి బయల్దేరాను, బుద్ధి ఉన్నవాళ్లు చేసే పనేనా. పొద్దున క్యాబ్ ఎక్కబోతూ చౌరస్తాలో కుప్పకూలాను.

కృష్ణవేణి దూకి పట్టుకుంది. డ్రైవర్ సలీం భాయ్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, ఎవరినీ అడగలేదు. "కంపెనీకి నేను చెప్పుకుంట, ముందు జల్దీ ఎక్కించుండ్రి" అని తుర్కపల్లి దిక్కు పోవాల్సిన బండిని సికింద్రాబాద్ దిక్కు తిప్పాడు. బండిలో మిగతా నలుగురు ఆ రోజు హాజరు పోగొట్టుకున్నారు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు.

డాక్టరమ్మ ఆసుపత్రిలోనే చేర్చారు, బీపీ బాగా పడిపోయిందన్నారు, సెలైన్ పెట్టారు. కాస్త కళ్లు తెరిచేసరికి మంచం పక్కన డాక్టరమ్మ, కాళ్ల దగ్గర ఆయన, ఆయన వెనక అత్తమ్మ ఉన్నారు.

"నేనిచ్చిన మందు కాకుండా ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం."

"ఆయుర్వేదం, నాటు మందు, పొడులు, కషాయాలు?"

"లేదు."

ఆయన ముందుకొచ్చి, "శనివారం గోలి ఒక్క వారం గుడ తప్పలేదు మేడం. నేనే అడిగి మింగిపిస్త" అన్నాడు. నా జబ్బులో నన్ను అన్నిటికంటే ఎక్కువ నొప్పించిన మాట అది. అయినా నోరు విప్పలేదు. విప్పితే ఆయన తల్లి మీద పడతాడు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నా సింకు సంగతి బయటపడుతుందని కూడా అందులో ఉంది.

డాక్టరమ్మ నా బుగ్గను వేలితో తాకింది. "ఈ ముఖం ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

ఆసుపత్రిలో ఉన్నామని మర్చిపోయి అత్తమ్మ అలవాటు కొద్దీ అనేసింది. "ఒళ్లు చేసింది మేడం. మూడు నెలలాయె."

"అమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇది బలుపు కాదు. వాపు."

ఆ సామెత తెలియనివాళ్లు ఎవరున్నారు. కొత్తగా డబ్బొచ్చి ఎగిరిపడేవాళ్లను చూసి అత్తమ్మే ఎన్నిసార్లు అందో, వాపును సూసి బలుపనుకుంటాండు అని. మొదటిసారి ఆ మాట అచ్చంగా అదే అర్థంలో ఆమె ముందుకు వచ్చి నిలబడింది.  ఆమె నడుముకు దోపుకున్న సంచి తీసి, అందులోంచి ఖాళీ పొట్లం కాగితం తీసింది. అంగడిలో ఆ మనిషిని ఆనవాలు పట్టడానికి దాచుకున్న కాగితం. మడతల్లో ఇంకా కొంచెం పొడి ఉంది. డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"నేనే తెచ్చిన మేడం. పిల్లకేం తెల్వది. నేనే తినబెట్టిన. కొట్టేదుంటె నన్ను కొట్టుండ్రి."

"నాకు తెలుసు," అన్నాను నేను. "శనివారం గోలి గుడ బంద్ జేసిన. మార్చి నుంచి సింకుల పారేసిన."

ఆయన నన్ను చూశాడు, వాళ్లమ్మను చూశాడు, బయటికి వెళ్లిపోయాడు. గంట తర్వాత ఇడ్లీ పొట్లంతో వచ్చి మంచం మీద పెట్టాడు. రెండు రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ పొద్దున మాత్రం నా వెనక కూర్చుని జడ వేశాడు, మాట్లాడకుండానే.

డాక్టరమ్మ కోప్పడుతుందని ఎదురుచూశాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, "నన్ను అడగాలంటే భయమేసిందా?" అంది. అవునన్నాను. "అయితే తప్పు నాది కూడా" అంది. తర్వాత చెప్పింది. ఇలాంటి పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతుంటారు, ఈ పొడిలో ఉందో లేదో పరీక్ష చేయించకుండా ఖాయంగా చెప్పలేను, కానీ మీ ముఖం, మీ చర్మం, ఆపగానే పడిపోవడం, అన్నీ అదే చెబుతున్నాయి అంది. అది వేసుకున్నన్ని రోజులు ఒళ్లు తనంతట తాను తయారు చేసుకునే స్టెరాయిడ్‌ను చేసుకోవడం మానేస్తుందట. అందుకే ఒక్కసారిగా ఆగిపోతే మనిషి కూలిపోతాడట. ఇది చదివేవాళ్లలో ఎవరైనా అలాంటి పొడి ఇప్పుడు వాడుతూ ఉంటే, నా కథ చదివి భయపడి రేపే ఆపేయకండి. పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆపడం కూడా వాళ్ల కళ్ల ముందే, కొద్దికొద్దిగా జరగాలి.

నాకు అలా ఆపడానికి నెలలు పట్టింది. శనివారం మాత్ర మళ్లీ మొదలైంది, దానికి ఇంకో మందు తోడైంది. ఈసారి ఆయన మాత్ర నా నాలుక మీద పెట్టి, నోరు తెరిచి చూపించమన్నాడు. చూపించాను. దసరా దాటాక వేళ్లు వదులవడం మొదలైంది. పొడిలా నాలుగు రోజుల్లో కాదు, ఈ వారం ఒక గుండీ పెట్టుకోగలిగితే, వచ్చే వారం ఇంకో గుండీ. మొహం తగ్గి ఎముకలు తేలాయి. ఇప్పుడు వీధిలో అందరూ "అయ్యో, గిట్ల గుంజుకపోయినవేంది లలితా" అంటున్నారు. నేను మొదటిసారి నిజంగా బాగున్నది ఇప్పుడే. ఎవరికని చెప్పను.

కృష్ణవేణికి క్షమించమని చెప్పబోతే, "వదిలెయ్యండక్కా, అప్పుడు మీ మాటలు మీవి కాదు" అంది. "కొన్ని నావే" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఇచ్చిన పసుపు మాత్రల డబ్బా డాక్టరమ్మకు చూపించాను. లేబుల్ అంతా చదివి, ఇవి కొందరికి నొప్పి కాస్త తగ్గిస్తాయి, కానీ కీలు దెబ్బతినకుండా ఆపేది మాత్రం అసలు మందే అంది. నా లివర్ పరీక్షలు చూశాక, ఈ మందులతో కలిపి ఇప్పుడే వద్దంది. వేరొకరికి వేరే మాట చెబుతుందేమో. నా ఒంటికి ఆమె చెప్పింది అది. అత్తమ్మ ఊరుకుంటుందా, వావిలాకు నీళ్లు పెట్టొచ్చా, నల్లేరు పచ్చడి తినొచ్చా అని వరసపెట్టి అడిగింది. నీళ్లు పెట్టుకోండి, పచ్చడి తినండి, మాత్ర మాత్రం మానకండి, కొత్తది ఏది తెచ్చినా ముందు నాకు చూపించండి అని డాక్టరమ్మ ఓపిగ్గా జవాబిచ్చింది. ఇప్పుడు ఆ హాల్లో మా అత్తమ్మకు తెలియని పేషెంటు లేదు.

కానీ కుర్చీ పోయింది. కిందటి ఏప్రిల్ పరీక్షకు నన్ను పిలవలేదు. కుడి చేతి చూపుడు వేలు మధ్య కణుపు దగ్గర వంగి ఉండిపోయింది, చాపినా చాచుకోదు. సీసా మెడ పట్టుకుంటే జారుతుంది. ఇప్పుడు నేను కాగితాల సెక్షన్‌లో, కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, దానికి కృతజ్ఞత లేక కాదు. అద్దాల గోడ వెనక ఆ లైట్లు కనబడినప్పుడు మాత్రం గుండె కలుక్కుమంటుంది.

మొన్న ఎక్స్‌రే చూపించడానికి నేనూ అత్తమ్మా వెళ్లాం. మిగతా కీళ్లు నిలబడ్డాయని డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది. ఆ ఒక్క వేలు గురించి అడిగాను. కాసేపు ఫిల్మ్ చూసి, "ఆ నాలుగు నెలలు మందు పడి ఉంటే నిలిచేదేమో. కచ్చితంగా అయితే చెప్పలేను" అంది.  బస్సెక్కాం. హకీంపేట దాటింది. తూంకుంట దగ్గర సీటు ఖాళీ అయితే అత్తమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఆ ఏలు నా వల్లనే పోయిందా బిడ్డా?"

లేదనడానికి నోరు తెరిచాను. మా ఇంట్లో అప్పటికే చాలా అబద్ధాలు చెప్పి ఉన్నాను.

"సగం నీ వల్ల అత్తమ్మా. సగం నా వల్ల," అన్నాను.

ఆమె తలూపింది. నా చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది కానీ ఏడుపు వినబడనివ్వలేదు.

"రాస్త అంటివి కద గిదంత?" అంది. "నా పేరు గుడ రాయి."

"వద్దు. నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వినోళ్లల్ల ఒక్క అత్తన్న ఇంటికి పోయి, ఏం తింటున్నవ్ బిడ్డా అని కోడల్ని అడుగుతది. ఒక్క కోడలన్న నిజం జెప్తది."

మా అత్తమ్మ పేరు బాలమణి. షామీర్‌పేటలో చేపల బాలమణి అని అడిగితే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వచ్చి అడగండి. ఆమే చెబుతుంది.